విశాఖ నుంచి సఫారీకి: ఏ అడవికి ఏ నెలలో వెళ్లాలి?

మా ఇంట్లో మొదటి సఫారీ దసరా సెలవుల్లో జరిగింది. పిల్లలకు సెలవులు, నాకు ఆఫీసులో నాలుగు రోజులు దొరికాయి, రాయ్‌పూర్ రైలుకు టికెట్లు దొరికాయి. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. మధ్యప్రదేశ్‌లో గేట్లు తెరిచి వారం కూడా కాలేదు. గడ్డి జీపు ఎత్తున నిలబడి ఉంది, ప్రతి వాగులోనూ నీళ్లు పారుతున్నాయి. మూడు సఫారీల్లో చుక్కల దుప్పులు, నెమళ్లు, ఒక అడవి దున్న వీపు కనిపించాయి. పులి పక్కనే ఉందని కొండముచ్చులు అరిచి చెబుతూనే ఉన్నాయి, మాకు మాత్రం గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు.

నాలుగేళ్ల తర్వాత అదే అడవికి మే రెండో వారంలో వెళ్లాం. అదే గేటు, అదే దారి. దారి పక్కన చిన్న నీటిమడుగులో ఆడపులి నడుము దాకా మునిగి కూర్చుంది. నలభై నిమిషాలు కదల్లేదు. మా అమ్మాయి ఊపిరి బిగపట్టి చూసింది.

ఆ రెండు ప్రయాణాలకూ మధ్య తేడా నీళ్లే. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఏ అడవి పేరు ఎత్తినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఆ నెలలో అక్కడ నీళ్లు ఎక్కడుంటాయి? విశాఖలో ఉండేవాళ్ల కోసం ఈ ప్రశ్ననే అడుగులుగా విడదీసి రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ జంతువు కోసం వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

"సఫారీకి మంచి సీజన్ ఏది?" అని అడిగితే చాలామంది నవంబరు నుంచి ఫిబ్రవరి అని చెప్పేస్తారు. మనుషులకు అది హాయి అయిన కాలం. జంతువు కనిపించే కాలం ఒక్కో జంతువుకు ఒక్కోలా ఉంటుంది.

పెద్దపులి చూడాలంటే మార్చి రెండో సగం నుంచి జూన్ మొదటి వారం వరకు. ఎండ ఎంత ముదిరితే అంత మేలు. మొసలికి ఇది పూర్తిగా తిరగబడుతుంది. అది తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కాబట్టి, చలికాలంలో పొద్దెక్కాక బురద గట్టు మీదకు వచ్చి ఎండలో పడుకుంటుంది. ఒడిశాలోని భితర్‌కనికలో డిసెంబరు, జనవరి నెలల్లో పడవలో వెళ్తే భారీ ఉప్పునీటి మొసళ్లు గట్ల మీద దుంగల్లా పడి ఉంటాయి. అదే ఏప్రిల్ మధ్యాహ్నం వెళ్తే నీటి మీద రెండు కళ్లు కనిపిస్తే గొప్ప.

వలస బాతులు చలికాలం చుట్టాలు. నత్తగుల్ల కొంగలు వానాకాలం చుట్టాలు. ఎలుగుబంటికి ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలలు పండగ రోజులు. తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వు ఏరుకు తినడానికి వస్తుంది. కాబట్టి ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క జంతువు పేరు కాగితం మీద రాయండి. రెండో పేరు కూడా రాసుకోవచ్చు. అయిదు పేర్లు రాస్తే మాత్రం నెల కుదరదు.

రెండో అడుగు: నీటి లెక్క వేయండి

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే లెక్క వేసుకోగలరు.

మధ్య భారతంలోనూ, మన నల్లమలలోనూ ఉన్నవి ఎక్కువగా ఆకు రాల్చే అడవులు. నైరుతి వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరు చివరి దాకా కురుస్తాయి. అక్టోబరులో అడవి నిండుకుండలా ఉంటుంది. ప్రతి గుంటలోనూ నీళ్లు ఉన్నప్పుడు దుప్పి ఒకే చోటికి రావాల్సిన పని లేదు. దుప్పి చెదిరిపోతే దాని వెనక పులీ చెదిరిపోతుంది. పైగా గడ్డి, పొదలు పచ్చగా దట్టంగా ఉంటాయి. పది అడుగుల దూరంలో పులి పడుకుని ఉన్నా కంటికి ఆనదు.

డిసెంబరు నాటికి గడ్డి పండి పసుపు రంగుకు తిరుగుతుంది. ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలవుతుంది. మోదుగ పూస్తుంది, బూరుగు పూస్తుంది, ఆ పూల తేనె కోసం పిట్టలు మూగుతాయి. మార్చిలో చిన్న వాగులు ఎండుతాయి. ఏప్రిల్ నాటికి పెద్ద మడుగులు, చెరువులు, అటవీశాఖ కట్టించిన నీటి తొట్టెలు మాత్రమే మిగులుతాయి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో దుప్పి, కణితి, అడవి పంది, అడవి దున్న, చివరికి పులి, అన్నీ ఆ మిగిలిన నాలుగు నీటి చోట్లకు రావాల్సిందే. పిల్లి జాతిలో పులికి నీళ్లంటే భయం లేదు. ఒళ్లు చల్లబరుచుకోవడానికి గంటల తరబడి నీళ్లలో కూర్చుంటుంది. గైడ్లకు ఆ చోట్లు తెలుసు. అందుకే మే నెలలో పులి కనిపించే అవకాశం అంతగా పెరుగుతుంది.

ఇదే లెక్క కబినికి వేసి చూడండి. కర్ణాటకలో నాగరహొళె అడవి అంచున కబిని జలాశయం ఉంది. ఎండాకాలంలో నీరు వెనక్కు తగ్గుతుంది, తగ్గిన చోట లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి ఏనుగుల గుంపులు మార్చి నుంచి మే వరకు ఆ గట్టుకు చేరతాయి. ఒక వాన గట్టిగా పడితే చాలు, అవి మళ్లీ అడవిలోకి సర్దుకుంటాయి.

అస్సాంలోని కజిరంగాకు వేస్తే లెక్క మారిపోతుంది. అక్కడ సమస్య నీళ్లు తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. బ్రహ్మపుత్ర వరద వచ్చాక పార్కులో దారులే ఉండవు. చలికాలం చివర్లో ఎత్తైన గడ్డిని కాలుస్తారు, ఆ తర్వాత లేత గడ్డి వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖడ్గమృగం దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. 2022 లెక్కింపులో అక్కడ 2,613 ఖడ్గమృగాలు ఉన్నాయి, కాబట్టి సరైన నెలలో వెళ్తే చూడకుండా తిరిగి రావడం కష్టం.

మూడో అడుగు: గేట్లు ఎప్పుడు మూస్తారో చూడండి

చాలా పులుల అభయారణ్యాలు వానాకాలంలో మూసేస్తారు. పులులు జతకట్టే కాలం కాబట్టి మూస్తారని ఒక మాట ప్రచారంలో ఉంది. పులులు ఏడాది పొడవునా జతకడతాయి. మట్టి దారులు బురదైపోవడం, వాగులు పొంగడం, జీపులు దిగబడడం అసలు కారణాలు. ఆ మూడు నెలలూ అడవికి మనుషుల తాకిడి లేకుండా విశ్రాంతి దొరుకుతుంది, అదీ మంచిదే.

కన్హా, బాంధవ్‌గఢ్, పెంచ్ వంటి మధ్యప్రదేశ్ అడవులు అక్టోబరు 1 నుంచి జూన్ 30 వరకు తెరిచి ఉంటాయి. అక్కడ బుధవారం సాయంత్రం సఫారీ ఉండదు. మహారాష్ట్రలోని తాడోబాలో కోర్ ప్రాంతం, అంటే లోపలి ప్రధాన అడవి, జులై నుంచి సెప్టెంబరు వరకు మూత, దాని చుట్టూ ఉండే అంచు అడవి, అంటే బఫర్ మాత్రం నడుస్తుంది. అక్కడ మంగళవారం సెలవు. మన నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం కూడా జులై నుంచి సెప్టెంబరు వరకు పర్యాటకులకు మూసి ఉంటుంది. సింహాల గిర్ జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు మూత. ఒడిశాలో సిమిలిపాల్ జూన్ మధ్య నుంచి వానలు పూర్తయ్యే దాకా మూసేస్తారు. భితర్‌కనిక మాత్రం మే 1 నుంచి జులై 31 వరకు మూత. అది మొసళ్లు గుడ్లు పెట్టే కాలం, అక్కడ నిజంగానే సంతానం కోసమే మూస్తారు.

ఈ తేదీలు వానను బట్టి కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఆ ఏటి అటవీశాఖ ప్రకటన ఒకసారి చూడండి.

నాలుగో అడుగు: ముందు ఇంటి చుట్టూ ఉన్నది చూడండి

పులి కోసం వెయ్యి కిలోమీటర్లు వెళ్లే ముందు, విశాఖ చుట్టూ ఏడాది పొడవునా ఏం జరుగుతుందో ఒక్క ఏడాది గమనించమని నా కోరిక. పిల్లలున్న ఇంటికైతే మరీ మరీ చెబుతాను. ఇక్కడ కళ్లు అలవాటు పడితే, అక్కడ జీపులో కూర్చున్నప్పుడు పులి కాకుండా మిగతా అడవి కూడా కనిపిస్తుంది.

నవంబరు నుంచి మొదలుపెడతాను, మన దగ్గర అడవి సంవత్సరానికి అది ఉగాది లాంటిది. అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకు వలస పక్షులు చేరే కాలం. తామరాకుల మధ్య తాటి దోనెల మీద తీసుకువెళ్తారు. దోనె నడిపే పెద్దాయన మొదటిసారే నాతో అన్నాడు: "బాబూ, ఎండెక్కాక వస్తే పిట్టలు తుంగలోకి పోతాయి. పొద్దు పొడవక ముందే రండి." ఆయన మాట అక్షరాలా నిజం. ఎనిమిదిన్నరకు వెళ్లిన రోజు నీటికోళ్లే కనిపించాయి, ఆరు గంటలకు వెళ్లిన రోజు బాతుల గుంపు మా తల మీదుగా లేచింది. డిసెంబరు, జనవరి అక్కడ ఉత్తమం.

కంబాలకొండకూ ఇదే కాలం మంచిది. ఊరిని ఆనుకుని దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అడవి ఉండడం మన అదృష్టం. చిరుతలు ఉన్నాయి, కానీ చిరుతను చూస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి. చలికాలం ఉదయం నడిస్తే పిట్టలు, జింకల అడుగులు, ముంగిసలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క ఎక్కువ, నడక కష్టం. వానల్లో రాళ్లు జారతాయి. పక్కనే ఉన్న జూ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, సోమవారం తప్ప. కణితికీ చుక్కల దుప్పికీ తేడా, చిరుతకూ పులికీ తేడా పిల్లలకు చూపించడానికి సఫారీకి ముందు ఒక పూట అక్కడ గడపడం చాలా ఉపయోగం.

జనవరి నుంచి మార్చి వరకు మన సముద్రం వంతు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రి పూట తీరానికి వచ్చి ఇసుకలో గుంట తీసి ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు పెడతాయి. అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి తీరంలోనే కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పూడ్చి కాపాడుతుంది. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి, వాటిని సముద్రంలోకి వదులుతారు. ఆ దృశ్యం చూడాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో అటవీశాఖ వారిని అడిగి, వాళ్లు రమ్మన్న వేళకు వెళ్లండి. టార్చిలైట్లు, ఫోన్ ఫ్లాష్‌లు వెయ్యకండి. పిల్ల తాబేలు వెలుగు ఉన్న వైపు నడుస్తుంది, మన లైటు దాన్ని సముద్రానికి కాకుండా రోడ్డుకు నడిపిస్తుంది. తాబేళ్లు వేలల్లో, లక్షల్లో ఒకేసారి వచ్చే ఋషికుల్య తీరం ఒడిశాలో గంజాం దగ్గర ఉంది. అది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. కొన్నేళ్లు అసలు జరగదు. దాన్నొక్కటే నమ్ముకుని టికెట్ కొనకండి, చిలికాతో కలిపి వెళ్లండి. మన హౌరా లైన్లోనే బాలుగావ్ స్టేషన్ ఉంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు చిలికా ఒడ్డున మంగళజోడి దగ్గర చిన్న పడవలో కూర్చుంటే పక్షులు అంత దగ్గరగా ఉంటాయి, బైనాక్యులర్ పక్కన పెట్టేయొచ్చు.

శ్రీకాకుళం జిల్లాలో రెండు ఊళ్లు ఉన్నాయి, ఒకదాని కాలం మరొకదానికి సరిపోదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వానలు తగ్గేవేళ వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, మార్చి, ఏప్రిల్‌కు వెళ్లిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి మాత్రం నత్తగుల్ల కొంగలు వానలతో పాటు వస్తాయి. తడి పొలాల్లో నత్తలు దొరికేది అప్పుడే కదా. జులై నుంచి అక్టోబరు మధ్యలో వెళ్లాలి. రెండూ ఒకే ప్రయాణంలో చూద్దామని ఫిబ్రవరిలో వెళ్తే తేలుకుంచిలో ఖాళీ చెట్లు చూసి రావాలి. ఈ రెండు ఊళ్ల జనం ఆ పక్షులను ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. చెట్టు కింద గట్టిగా మాట్లాడితే ఊరివాళ్లే ఆపుతారు, ఆపాలి కూడా.

కాకినాడ వైపు కోరంగి మడ అడవి ఉంది. చెక్క వంతెన మీద మడ చెట్ల మధ్య నడవచ్చు. నీటికుక్కలు, చేపలు పట్టే నీటిపిల్లులు ఉండే చోటు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది, పక్షులూ ఎక్కువే. వెళ్లే రోజు పోటు, ఆటు వేళలు అడగండి. ఆటు సమయంలో నీరు దిగి బురద తేలినప్పుడు కొంగలు, ఉల్లంకులు మేతకు దిగుతాయి. ఇక్కడ నెలతో పాటు గంట కూడా చూసుకోవాలి. పాపికొండలకు గోదావరి వరద తగ్గాకే వెళ్లాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు పడవలు నడవడం నమ్మకం లేదు.

అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు వానలు వెనకబడే సెప్టెంబరు, అక్టోబరులో సీతాకోకచిలుకలు విరివిగా ఉంటాయి. పెద్ద జంతువు కోసం ఆ దారి పట్టకండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పార్వతీపురం మన్యం వైపు ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు పొలాల్లో తిరుగుతున్నాయి. ఉద్దానంలో జీడిమామిడి, పనస పండే కాలంలో ఎలుగులు తోటల్లోకి వస్తాయి. వాటిని చూడ్డానికి కారు వేసుకుని వెళ్లకండి. అక్కడి రైతు ప్రాణభయంతో రాత్రులు మేలుకుంటున్నాడు. గుంపుగా జనం పోగైతే ఏనుగు బెదురుతుంది, ఆ బెదురు మర్నాడు ఆ ఊరివాళ్ల మీదే పడుతుంది.

అయిదో అడుగు: మన సెలవులను అడవి కాలంతో కలపండి

అందరికీ మే నెలలో సెలవు దొరకదు. దొరికిన సెలవుకు సరిపడే అడవిని వెతకడమే తెలివైన పని.

దసరా సెలవులు మనకు చాలా ఇష్టమైనవి, సఫారీకి అంతగా కలిసిరావు. అడవి పచ్చగా, అందంగా ఉంటుంది, జంతువు కనిపించడం తక్కువ. ఆ పచ్చదనం కోసమే వెళ్తే తృప్తిగా తిరిగొస్తారు. పులి కోసమైతే ఆగండి. ఇంకో చిక్కు తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మన మీద పడింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది. అక్టోబరు, నవంబరు నెలల్లో తూర్పు తీరం రైళ్లు ఎప్పుడు రద్దవుతాయో చెప్పలేం.

కార్తీక మాసంలో వనభోజనాల రోజుల్ని కొండకర్లకు, కంబాలకొండకు వాడుకోండి. సంక్రాంతి సెలవులు చిలికా, తేలినీలాపురం, భితర్‌కనిక, కొల్లేరులోని ఆటపాక లాంటి చోట్లకు సరిగ్గా సరిపోతాయి. పండగ మూడు రోజులూ ఇంట్లో ఉండి, కనుమ మర్నాడు బయలుదేరితే జనం రద్దీ కూడా తగ్గుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. నల్లమలకు ఆ వేళ బాగుంటుంది, కానీ శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం వెళ్లే భక్తులు అడవి దారుల్లో నడిచి వెళ్తారు. ఆత్మకూరు, బైర్లూటి వైపు ఆ వారాల్లో సందడి ఎక్కువ. ఆ రెండు పండగల మధ్యలో ఒక వారం చూసుకోండి, లేదా ఉగాది దాటాక వెళ్లండి. దేశంలోకెల్లా విస్తీర్ణంలో పెద్ద పులుల అభయారణ్యం ఇదే. అయితే 2022 అంచనాలో దేశం మొత్తం మీద 3,682 పులులు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 63. అంత పెద్ద అడవిలో అన్ని తక్కువ పులులు ఉన్నప్పుడు కనిపించడం అదృష్టమే. బైర్లూటి, పచ్చెర్ల, తుమ్మలబైలు దగ్గర సఫారీలు ఉన్నాయి. గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం లేదా నంద్యాల దిగి వెళ్లాలి. చెంచుల అడవి అది, వాళ్లలో ఎవరైనా వెంట ఉంటే మాట్లాడించండి. అడవి గురించి వాళ్లకు తెలిసినంత మనకు పుస్తకాల్లో దొరకదు.

బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు. పులికి సరైన కాలం, పిల్లల సెలవులు కలిసే ఒకే ఒక్క చోటు ఇది. కన్హా, తాడోబా, కబిని ఇప్పుడే.

జులై, ఆగస్టు నెలల్లో సెలవు దొరికితే తేలుకుంచి ఉంది, కబిని కూడా తెరిచే ఉంటుంది. బాగా ఖర్చు పెట్టగలిగినవాళ్లకు కెన్యాలోని మసాయి మారా ఉంది. మన గేట్లు చాలావరకు మూసి ఉండే జులై నుంచి అక్టోబరు వరకే అక్కడ విల్డబీస్ట్ అనే జింక జాతి జంతువుల మందలు మారా నది దాటతాయి. వెళ్లడానికి పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోవాలి.

ఆరో అడుగు: వెంట వచ్చేవాళ్ల ఒంటిని బట్టి నెల మార్చండి

మే నెల పులికి మంచిదే, కానీ తాడోబా ఉన్న చంద్రపూర్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పైకప్పు లేని జిప్సీలో మధ్యాహ్నం సఫారీ అంటే పొయ్యి ఎదురుగా కూర్చున్నట్టే. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, అయిదేళ్ల లోపు పిల్లలు ఉంటే మే వద్దు, మార్చి రెండో సగానికి జరపండి. ఆకు అప్పటికే రాలి ఉంటుంది, నీళ్లు తగ్గి ఉంటాయి, ఎండ భరించేలా ఉంటుంది. నన్ను అడిగితే పెద్దవాళ్లతో వెళ్లేవారికి మార్చి 15 నుంచి ఏప్రిల్ 10 వరకు అన్నిటికన్నా మంచి రోజులు. పరీక్షలు ఉన్న పిల్లలుంటేనే ఇబ్బంది.

చలి గురించి మన విశాఖవాళ్లకు అంచనా ఉండదు. డిసెంబరులో స్వెట్టర్ వేసుకుంటేనే చాలా చలి అనుకుంటాం. కన్హాలో జనవరి తెల్లవారుజామున చలి సున్నాకు దగ్గరగా వెళ్తుంది, గడ్డి మైదానాల మీద మంచు పేరుకుంటుంది. కదిలే జీపులో గాలి దానికి తోడు. మా అత్తయ్యను ఒకసారి ఒక్క శాలువాతో తీసుకెళ్లాను. మొదటి అరగంటకే ఆమె చేతులు కొయ్యబారాయి, పాపం, ఎవరికీ చెప్పకుండా కూర్చుంది. ఆ తప్పు నాది. చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ, రెండు పొరల ఉన్ని బట్టలు, కాళ్ల మీదకు దుప్పటి తప్పనిసరి.

వానాకాలంలోనూ, ఆ తర్వాత రెండు నెలలూ ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఎక్కువ. దోమతెర, ఒంటికి రాసుకునే మందు తీసుకెళ్లండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు ముందే చెప్పండి.

ఏడో అడుగు: పర్మిట్ ముందు, రైలు తర్వాత

వరుస ముఖ్యం. పేరున్న పులుల అడవుల్లో సఫారీ పర్మిట్లు మూడు నాలుగు నెలల ముందే అమ్మకానికి వస్తాయి, వేసవి వారాంతాలైతే త్వరగా అయిపోతాయి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది. అందుకని ముందు పర్మిట్, ఆ తర్వాత బస, రైలు టికెట్ తెరిచిన రోజు ఉదయమే రైలు. నేను తలకిందులుగా చేసి ఒకసారి నష్టపోయాను. రైలు, గది అన్నీ చేతిలో ఉన్నాయి, కోర్‌లోకి పర్మిట్ మాత్రం లేదు. అక్కడికెళ్లాక ఒక ఏజెంట్ ఇప్పిస్తానని డబ్బు తీసుకుని బఫర్‌లో తిప్పి పంపాడు. అధికారిక వెబ్‌సైట్‌లో మీ పేరు, గుర్తింపు కార్డు నంబరుతో తీసుకున్న పర్మిట్ తప్ప ఇంకేదీ నమ్మకండి.

కనీసం నాలుగు సఫారీలు పెట్టుకోండి. ఒక్క సఫారీ కోసం రెండు రాత్రులు రైల్లో ప్రయాణం చేసి, ఏమీ కనిపించకపోతే ఇంటికొచ్చేదాకా ఆ బాధే ఉంటుంది. ఉదయానివి రెండు, సాయంత్రానివి రెండు తీసుకోండి. ఎండాకాలంలో నీటి దగ్గరికి సాయంత్రం బాగా వస్తాయి. చలికాలంలో తెల్లవారుజామున పొగమంచు విడేదాకా ఏమీ కనిపించదు, ఆ తర్వాత ఎండ కాచుకోవడానికి జంతువులు బయటికి వస్తాయి. వారానికి మధ్య రోజులైతే జీపుల గోల తక్కువ, సెలవు రోజు మాత్రం చూసుకోండి. తాడోబాకు సోమవారం రాత్రి చేరితే మంగళవారం గదిలోనే కూర్చోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ప్రయాణమైతే బయలుదేరే వారం ముందు నుంచి బంగాళాఖాతం మీద వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడండి. వేసవిలో అడవి మంటల వార్తలు చూడండి, కొన్ని దారులు మూసేస్తారు. మే చివర్లో ఒక్క గట్టి వాన పడిందంటే గుంటలు నిండి, పులి రెండు మూడు రోజులు కనిపించదు. అప్పుడు గైడ్‌ను పులి చూపించమని ఒత్తిడి చెయ్యకండి. ఆ రోజు కొత్త చిగుళ్లు, నెమలి ఆట, తడి మట్టి మీద అడుగులు చూపించమనండి, ఎంతో ఉత్సాహంగా చూపిస్తాడు.

ఎనిమిదో అడుగు: ఒక నోటు పుస్తకం పెట్టండి

ఎక్కడికి వెళ్లినా నాలుగు విషయాలు రాయండి: తేదీ, నీళ్లు ఎక్కడున్నాయి, ఏ చెట్టు పూసింది, ఏ వేళకు ఏం కనిపించింది. మూడేళ్లు రాస్తే మీ చేతిలో మీ సొంత అడవి పంచాంగం ఉంటుంది, మళ్లీ ఏ నెలలో వెళ్లాలో ఎవరినీ అడగక్కర్లేదు. మా పుస్తకం ఇప్పుడు మా అమ్మాయి రాస్తోంది. కిందటి జనవరిలో కొండకర్ల పేజీలో ఇలా రాసింది: "ఉదయం 6.10. మంచు. నీళ్లు మెట్ల దాకా ఉన్నాయి. బాతులు 40 దాకా, ఒక నీలిరంగు కోడి తామరాకు మీద నడిచింది. తాత దోనె ఆపేశాడు, ఎవరం మాట్లాడలేదు. 8.00కి ఎండ వచ్చింది, అన్నీ తుంగలోకి పోయాయి."